కొన్ని కారణాల వల్ల

చిరంజీవికి,

ఆశీస్సులు. అమెరికాలో టీవీ ప్రసంగాలతో పేరు తెచ్చుకున్న కాథలిక్ బిషప్ ఫుల్టన్ షీన్ మీద నువ్వు రాసి పంపిన జీవితకథ రెండు రాత్రుల్లో చదివేశాను. నల్లబల్ల అధ్యాయం బాగుంది. ఎక్కడ అచ్చు వేయించాలని అడిగావు, దాని సంగతి తర్వాత. ఎనభయ్యారో పేజీలో ఒక వాక్యం రాశావు: "కొన్ని కారణాల వల్ల 1957లో ఆ కార్యక్రమం ఆగిపోయింది." అక్కడ కాగితాలు పక్కన పెట్టేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఏ కారణాలమ్మా?

1952 ఫిబ్రవరిలో న్యూయార్క్ అడెల్ఫీ థియేటర్‌లో మొదలైన ఆయన టీవీ ప్రోగ్రాం గురించి ఎంత ఓపిగ్గా రాశావు! మంగళవారం రాత్రి 8 గంటలకు, అవతలి ఛానెల్లో మిల్టన్ బెర్ల్ హాస్యం నడుస్తుండగా, మెడలో శిలువతో ఒక బిషప్ వచ్చి అరగంట మాట్లాడటం. చేతిలో కాగితం లేదు. అంతకు ముందు అదే విషయాన్ని తనవాళ్లతో ఇటాలియన్‌లో, ఫ్రెంచ్‌లో చెప్పి చూసుకునేవాడు. రాస్తున్న నల్లబల్ల నిండగానే ఆయన పక్కకు నడిచేవాడు, కెమెరా ఆయన వెంట వెళ్లేది, ఈలోగా ఒక కుర్రాడు బల్ల తుడిచేసేవాడు. ఆ కుర్రాణ్ని "నా దేవదూత" అనేవాడాయన. టీవీ వాళ్లకిచ్చే ఎమ్మీ అవార్డు వచ్చినప్పుడు తనకు రాసిపెట్టే నలుగురికి, అంటే బైబిల్ సువార్తల మత్తయి, మార్కు, లూకా, యోహానులకు కృతజ్ఞతలు చెప్పాడు. ఇవన్నీ ఉన్నాయి నీ పుస్తకంలో. పాలపొడి మాత్రం లేదు.

అమెరికా ప్రభుత్వం మిగులు పాలపొడిని పేదలకు పంచమని ఊరికే ఇచ్చింది. అది న్యూయార్క్ ఆర్చిబిషప్ కార్డినల్ స్పెల్‌మన్ చేతుల మీదుగా షీన్ నడిపే మిషన్ల సంస్థకు చేరింది. తర్వాత స్పెల్‌మన్ దానికి డబ్బు కట్టమన్నాడు, లక్షల డాలర్లు. ఉచితంగా వచ్చిన సరుకుకు పేదల కోసం పోగైన డబ్బు ఎలా ఇస్తానని షీన్ మొండికేశాడు. తగువు పోప్ పన్నెండో పయస్ దాకా పోయింది. పోప్ షీన్ మాటే నమ్మాడు. అదే 1957లో షీన్ ప్రోగ్రాం ఆగింది. 1966లో ఆయన్ని రాచెస్టర్ అనే చిన్న నగరానికి బిషప్‌గా పంపారు. నువ్వు "పదోన్నతి" అని రాశావు. కాగితం మీద పదోన్నతే. 71 ఏళ్ల వయసులో న్యూయార్క్ వదిలి వెళ్లిన మనిషి మూడేళ్లకే ఎందుకు రాజీనామా చేశాడో ఆ మాటలో ఎక్కడ కనిపిస్తుంది?

నా చిన్నప్పుడు మా ఊరి చర్చి ముందు అమెరికా పాలపొడి కలిపి పోసేవాళ్లు. నేనూ సత్తు గ్లాసు పట్టుకుని వరసలో నిలబడ్డాను. ఉండలు కట్టి అడుగున మిగిలేది, వేలితో తీసుకుని నాకేవాళ్లం. అలాంటి పాలపొడి కోసం ఇద్దరు పెద్దమనుషులు రోమ్ దాకా వెళ్లారని తెలిసిన రోజు నాకు షీన్ మనిషిగా కనబడ్డాడు. అంతకు ముందు ఆయన నాకు ఒక ఫొటో.

నీ వయసులో నేనూ ఈ తప్పు చేశాను. మంచి పేరు మీదున్నప్పుడే చిడతలు కింద పెట్టేసిన ఒక హరిదాసు గురించి రాశాను. ఆలయ ధర్మకర్తతో ఆయనకు జరిగిన గొడవ మూడు పేజీలు. వారపత్రిక ఎడిటర్ ఆ మూడు పేజీలూ కొట్టేసి "అనివార్య కారణాల వల్ల" అని పెట్టాడు. "పాజిటివ్‌గా ఉండాలండీ" అన్నాడు. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశతో ఒప్పుకున్నాను. పత్రిక తీసుకెళ్లి ఇస్తే హరిదాసుగారి భార్య చదివించుకుని విన్నది. "ఏం కారణాలు నాయనా? ఆ ముక్క రాయడానికేనా పది రోజులు మా ఇంట్లో కూర్చుని అన్నీ అడిగావు?" అంది. పత్రిక మడిచి నా చేతికే ఇచ్చేసింది. ఆ ఇంటికి మళ్లీ వెళ్లలేకపోయాను. ఇప్పుడు పుస్తకాల షాపుల్లో సక్సెస్ స్టోరీల అరలు చూస్తే నాకు ఆ మడిచిన పత్రికే గుర్తొస్తుంది.

షీనే తన ఆత్మకథలో ఆ గొడవ విప్పి చెప్పలేదు కదా అంటావు. నిజమే. నిందించకూడదనుకున్నాడు, అది ఆయన నియమం. ఆయన పెట్టుకున్న నియమం మనకు సాకు కాకూడదు. నువ్వు స్పెల్‌మన్‌ను తిట్టనక్కర్లేదు. జరిగింది జరిగినట్టు రాయి, చాలు.

నీ ఆఖరి అధ్యాయం చూడు. 1979 అక్టోబర్ 2న న్యూయార్క్ ఆర్చిబిషప్ గుడి అయిన సెయింట్ పాట్రిక్స్ కెథడ్రల్‌లో పోప్ రెండో జాన్ పాల్ ఆ ముసలాయన్ని కౌగిలించుకున్నాడు. అంత చక్కగా రాసినా నాకు కంట తడి రాలేదు. ఆ గుడి ఒకప్పుడు స్పెల్‌మన్ గుడి అని పాఠకుడికి నువ్వు చెప్పలేదు మరి. రెండు నెలలకు, డిసెంబర్ 9న షీన్ పోయాడు. అదే గుడి బలిపీఠం కింద నేలమాళిగలో పెట్టారు. అక్కడ అప్పటికే స్పెల్‌మన్ ఉన్నాడు. 2019లో షీన్ అవశేషాలను ఆయన పెరిగిన పియోరియాకు తీసుకెళ్లేదాకా, దాదాపు నలభై ఏళ్లు ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్నారు.

ఆ ఎనభయ్యారో పేజీ తిరగరాసి పంపు. పోస్టులోనే పంపు, ఫోన్‌లో నాకు అక్షరాలు ఆనడం లేదు.

మీ మాస్టారు