బ్లూగిల్, క్రాపీలకు ఏ రంగు గేలం దారం?

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటున్నాం. చెరువులో బ్లూగిల్, క్రాపీ చేపలు పడుతుంటాను. పసుపు దారం నాకు బాగా కనిపిస్తుంది, కానీ నీళ్లు తేటగా ఉంటే చేపలు ఎర ముట్టడం లేదు. దారం మార్చాలా?

జవాబు: మొత్తం మార్చక్కర్లేదండి. చివర రెండు మూడడుగులు 4 పౌండ్ల (అంటే అంత బరువు ఆపే) రంగులేని ఫ్లోరోకార్బన్ దారాన్ని, నీళ్లలో అంతగా కనిపించని రకం, డబుల్ యూని ముడితో (రెండు దారాలను జోడించే ముడి) కలపండి. ముడిని తడిపి బిగించండి; పొడిగా లాగితే రాపిడి వేడికి దారం దెబ్బతిని అక్కడే తెగుతుంది.

క్రాపీ తరచూ కింది నుంచి లేచి ఎర అందుకుంటుంది. అప్పుడు చేతికి లాగినట్టు తెలియదు, దారం ఉన్నట్టుండి వదులవుతుంది. ఆ వదులు కంటికి కనిపించాలంటే పసుపే మేలు. వానకు బురదెక్కిన నీళ్లలో రంగు పట్టింపు లేదు. అసలు తేట నీళ్లలో రంగుకన్నా లావే ఎక్కువ చెరుపు: 8 పౌండ్ల దారానికి చిన్న జిగ్ (తలకు సీసం పోసిన గేలపు ఎర) కడితే, దారం బిరుసుగా ఉండి జిగ్ నెమ్మదిగా దిగుతుంది.