పాత చీర, కొత్త వేషం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

(విజయనగరంలో నాటకాలకూ స్కూలు ప్రోగ్రాములకూ పాతకాలం వేషాలు కుట్టే టైలరమ్మ ఈ శీర్షికలో మీ ఉత్తరాలకు జవాబులిస్తారు.)

ప్రశ్న: అమ్మా, మా స్కూలు వార్షికోత్సవానికి పిల్లలతో బొబ్బిలి యుద్ధం వేయిస్తున్నాం. అద్దె డ్రెస్సులు చూస్తే అన్నీ మెరిసే శాటిన్, తళుకు లేసు. తాండ్ర పాపారాయుడు కాస్తా పెళ్లికొడుకై కూర్చున్నాడు. మా టీచర్ల ఇళ్లలో అక్కడక్కడా చిరిగిన పాత పట్టుచీరలు ఉన్నాయి. వాటితో కుట్టించొచ్చా? ఫ్రెంచి సేనాని బుస్సీ దొరకి ఏం వేయాలి? – తెలుగు మాస్టారు, బొబ్బిలి

జవాబు: పాపారాయుడి వేషం కోసం బొబ్బిలివాళ్లు విజయనగరం టైలరుని అడుగుతున్నారంటే మన రెండు ఊళ్ల మధ్య 1757 నాటి యుద్ధం పగ తీరిపోయినట్టే. సంతోషం మాస్టారూ.

నిక్షేపంగా కుట్టించొచ్చు. కానీ కత్తెర పట్టే ముందు చీరని కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూడండి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత దగ్గరే పిగులుతుంది. గీత వెంబడి సూదితో గుచ్చినట్టు చిల్లులు కనిపిస్తాయి. అక్కడ రెండు బొటనవేళ్లతో మెల్లిగా లాగండి. చీలిపోయిందా, ఆ భాగం ఒంటికి బిగిసే చోట పనికిరాదు. కిందికి వేలాడే చోటైతే లోపల పల్చటి మల్లుగుడ్డ వేసి, కచ్చాకుట్టుతో రెండూ కలిపేసి వాడుకోవచ్చు. చిరగని చీర మాత్రం తీసుకెళ్లి ఆ టీచరు చేతికే ఇచ్చేయండి. ఎవరైనా మంచి చీర తెచ్చి కొయ్యమంటే నేను కొయ్యను. బేరాలు పోయినా సరే.

పాపారాయుడికి జామా కుట్టండి. పై భాగం ఒంటికి బిగుతుగా, నడుం నుంచి కిందికి ఘేరాగా, అంటే వెడల్పుగా విప్పారి ఉండే అంగీ అది. ఆ ఘేరా కుచ్చులతో రాదు, కళీలతో, అంటే పైన సన్నగా కింద వెడల్పుగా కోసిన ముక్కలతో వస్తుంది. అద్దె డ్రెస్సుల్లో నడుం దగ్గర కుచ్చులు పోసేస్తారు కాబట్టే పాపారాయుడు గౌను వేసుకున్నట్టుంటాడు. ముందు చీరకున్న రెండంచులూ విప్పి పక్కన పెట్టండి. మిగిలిన బట్ట మీద, పైన 3 అంగుళాలు, కింద 9 అంగుళాలు ఉండే కళీలు గీయండి. ఒకటి నిటారుగా, పక్కది తలకిందులుగా గీసుకుంటూ పోతే ముక్క వృథా కాదు. 28 అంగుళాల నడుమున్న కుర్రాడికి, ముందు ఒకదాని మీద ఒకటి పడే రెక్కలతో కలిపి, 22 కళీలు సరిపోతాయి. దీనికి మూడున్నర మీటర్లు పోతుంది. మిగిలిన దాంట్లో పై భాగం, చేతులు. చేతులు అసలు పొడవు కంటే అరజానెడు ఎక్కువ పెట్టండి. మణికట్టు దగ్గర ముడతలు పడితేనే ఆ కాలం చెయ్యి.

కుట్లు పోగా కింద చుట్టూ 176 అంగుళాలు వస్తుంది, అంటే నాలుగున్నర మీటర్లు. ఒక అంచు దానికి చాలు. అంచేమో తిన్నగా ఉంటుంది, ఘేరా వంపు తిరుగుతుంది. అందుకని ప్రతి కళీ అతుకు దగ్గరా అంచు పైవైపున బియ్యపుగింజంత ముడత పెట్టి చేత్తో కుట్టాలి. మిషను మీద లాగించేస్తే అంచు ఉబ్బి, మొదటి వరసలో కూర్చున్నవాళ్లకి కూడా కనబడుతుంది. రెండో అంచు చేతుల చివరలకీ, తలపాగా మీద పట్టీకీ వస్తుంది. నడికట్టుకి వేరే చీర పైట పొడుగ్గా మడిచి కట్టండి.

జామా ముడి ఎటు వేయాలో కూడా చెబుతాను, ఎవరూ పట్టించుకోరు కాబట్టి. మొగలుల కాలంలో హిందువులు ఎడమ చంక కింద ముడి వేసుకునేవారు, ముస్లిములు కుడివైపు. మీ నాటకంలో పాపారాయుడూ ఉంటాడు, బుస్సీ దివాను హైదర్ జంగూ ఉంటాడు. ఇద్దరికీ ఒకే కొలత జామా కుట్టి ముడి మాత్రం మార్చండి. గుండీ వద్దు, జిప్పు అసలే వద్దు. ఇప్పుడు మనం వాడే జిప్పు 1913లో వచ్చింది. రంగులు కూడా చూసుకోండి. రసాయన రంగుల్లో మొదటిది పుట్టిందే 1856లో. కళ్లు చెదిరే గులాబీ రంగు చీర ఎంత బాగున్నా 1757కి పనికిరాదు. నీలిమందు నీలం, చిరివేరు ఎరుపు, పసుపు, తెలుపు దగ్గర ఆగండి.

బుస్సీకి కొత్త బట్ట కొనక్కర్లేదు. బ్యాండుమేళం వాళ్లు పక్కన పడేసిన కోట్లు అడగండి, తక్కువలో ఇస్తారు. కాలరు విప్పేసి, మోకాళ్ల దాకా బట్ట కలిపి, ముంజేతుల దగ్గర జానెడు మడత వేయండి. ముందు వరసంతా ఇత్తడి బొత్తాలు. అన్నీ కుట్టాలి, పెట్టుకునేవి మాత్రం రెండో మూడో. పాత ఫెల్టు టోపీ అంచుని మూడు వైపులా పైకి లేపి కుట్టేస్తే దొర టోపీ తయారు. కత్తుల సంగతి నన్నడక్కండి. పిల్లలు కదా, అట్టముక్కలే మేలు.

ప్రశ్న: మేడం, మా కాలేజీలో కన్యాశుల్కం వేస్తున్నాం. నేను మధురవాణిని. అమ్మమ్మ పెట్టెలో ఒక ఆకుపచ్చ చీర దొరికింది. "పాతకాలం పట్టే, కట్టుకో" అంటోంది పిన్ని. నాకేమో నైలాన్ అనిపిస్తోంది. జాకెట్టు ఎలాంటిది వేయాలో కూడా తెలీక టెన్షన్‌గా ఉంది. – డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: చీర కొస నుంచి ఒక్క పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించమ్మా. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. నైలాన్ అయితే కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. నూలైతే కాగితం కాలిన వాసన. పిన్నిగారి మాట ఏదైనా, ఆ పోగు అబద్ధం చెప్పదు.

ఈ నాటకం మొదటిసారి ఆడింది 1892లో, మా విజయనగరంలోనే. నైలాన్ లోకానికి తెలిసింది 1938లో. మధురవాణి ఒంటి మీద నైలాన్ జారుతుంటే చూసేవాళ్లకి కారణం తెలియకపోయినా తేడా తెలుస్తుంది. నూలు చీరో, మెత్తబడ్డ పట్టుచీరో చూసుకో. జాకెట్టు అనకు, రవిక కుట్టించుకో. మోచేతి దాకా చేతులు, ముందు ముడి, లోపల కప్పులూ గిప్పులూ ఏమీ ఉండవు. మిషను కుట్టు కనబడినా ఫరవాలేదు. సింగర్ మిషను పేటెంటు 1851 నాటిది, అప్పటికి మిషన్లు ఉన్నాయి.

పాతబట్టలకి స్టీలు సామాన్లు ఇచ్చే ఆడవాళ్లు మీ వీధిలోకీ వస్తారు కదా. వాళ్ల మూటలో లేనిది ఉండదు. నేనైతే ముందే చెప్పి పెట్టుకుంటాను, పాత నేత చీర కనిపిస్తే నాకు చూపించకుండా ఎవరికీ ఇవ్వొద్దని. ఒక గిన్నె ధరకి ఎక్కువ ఇచ్చినా మనకే లాభం. లుబ్ధావధాన్లు వేసే అబ్బాయికి చెప్పు, తాతగారి పొందూరు పంచె ఉంటే వదలొద్దని. వాలుగ చేప దవడతో పత్తి ఏకి వడికిన నూలు అది, ఉతికే కొద్దీ మెత్తబడుతుంది. కొత్త పంచె తెల్లదనం లైట్ల కింద గుచ్చుకుంటుంది. అలాంటిది తప్పకపోతే, ముందు నీళ్లలో బాగా తడిపి, వడగట్టిన టీ డికాషన్‌లో ముంచి తీయండి. పొడిగా ముంచితే మరకలు మరకలుగా పడుతుంది.

ప్రశ్న: పాతబట్టల నుంచి ట్రంకుపెట్టె వాసన పోవట్లేదు. ఎండలో వేయనా? – గృహిణి, ఆమదాలవలస

జవాబు: నూలువి వేయండి. పట్టువి వద్దు, నీడలో గాలికి నాలుగు రోజులు ఆరనివ్వండి. సెంటు మాత్రం కొట్టొద్దు, జరీ నల్లబడుతుంది.

ప్రశ్న: మా మనవడు స్కూల్లో శ్రీకృష్ణదేవరాయల వేషం వేస్తున్నాడు. మా అత్తగారి పెళ్లి చీర ఉంది, జరీ ఇంకా మెరుస్తోంది. దాన్ని కోసి అంగరఖా కుట్టిద్దామంటుంది మా కోడలు. జరీ కొనేవాడికి అమ్మేసి, ఆ డబ్బుతో కొత్తది కొందామంటాడు మా అబ్బాయి. ఏం చేయమంటారు? – రాజాం నుంచి ఒక నాయనమ్మ

జవాబు: ఇద్దరి మాటా వినకండమ్మా. ముందు జరీ చూడండి. ఒక పోగుని గోటితో గీరితే లోపల ఎర్రటి పట్టుదారం కనిపించి, దాని మీద చుట్టింది వెండిలా తెల్లగా ఉంటే అసలు జరీ. కొనేవాడు దాన్ని కరిగించి వెండి తూకానికే లెక్క కడతాడు. నేతకి పైసా రాదు.

పైగా ఈ వేషానికి పట్టుచీరతో పనే లేదు. రాయల్ని కళ్లారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, 1520 ప్రాంతంలో, ఆయన తెల్లని బట్టల మీద బంగారు గులాబీలు కుట్టించి వేసుకున్నాడని రాశాడు. తల మీద జరీబట్ట టోపీ ఉందనీ రాశాడు. మన వైపు పొట్నూరు దాకా వచ్చి జయస్తంభం వేయించిన రాజుకి మనం ఎరుపూ ఆకుపచ్చా శాటిన్ తొడుగుతాం! తిరుమలలో ఆయన లోహవిగ్రహం చూసే ఉంటారు, తల మీద పొడుగాటి కుళ్లాయి ఉంటుంది.

కాబట్టి తెల్లటి పాత పంచెతో మోకాళ్లు దాటే కబాయి, అంటే పొడుగాటి అంగీ కుట్టించండి. మీ కోడలికి సూది పని వస్తే, గుండెల మీద మాత్రం పసుపుపచ్చ పట్టుదారంతో పువ్వులు కుట్టమనండి. ఒళ్లంతా కుడితే వార్షికోత్సవం వెళ్లిపోతుంది. కుళ్లాయికి బక్రం అనే గట్టి గుడ్డని గరాటులా చుట్టి, కొస కాస్త గుండ్రంగా వచ్చేలా కత్తిరించి, పైన జరీబట్ట తొడగాలి. ఆ చీరతో వచ్చిన రవిక ఇప్పుడెవరికీ పట్టదు కదా, దాని చేతులు విప్పితే టోపీకి సరిపోతాయి. చాలకపోతే వెనక వైపు మామూలు పసుపు గుడ్డ వేయండి, జనం ముందే కదా చూసేది. చీరని మడత మార్చి, ఉతికిన మెత్తటి పంచెలో చుట్టి దాచండి. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలనివ్వకండి.