రోమన్ చరిత్ర పాత్రలను ఒపేరా ఎంత నిజంగా చూపుతుంది?

చరిత్రకు ఒపేరా ఎంతవరకు కట్టుబడుతుందో తెలుసుకోవడానికి, 1643లో వెనిస్‌లో ప్రదర్శించిన, ఇటలీ స్వరకర్త మాంటెవెర్డి ఒపేరా ‘పొప్పేయా పట్టాభిషేకం’ చక్కని ఉదాహరణ. దాని పాఠ రచయిత బుసెనెల్లో కథను రోమన్ చరిత్రకారుడు టాసిటస్ నుంచి తీసుకున్నా, కాలక్రమాన్ని తన అవసరం కొద్దీ మార్చుకున్నాడు. నీరో చక్రవర్తి పొప్పేయాను పెళ్లాడింది క్రీ.శ. 62లో; అతని గురువు సెనెకా ప్రాణం తీసుకోవలసి వచ్చింది 65లో, అదీ చక్రవర్తిపై జరిగిన కుట్రలో పాలుపంచుకున్నాడన్న ఆరోపణపై. ఒపేరాలో మాత్రం ఆ పెళ్లిని వ్యతిరేకించినందుకే, పెళ్లికి ముందే సెనెకా చనిపోతాడు. ‘చనిపోవద్దు సెనెకా’ అని శిష్యులు వేడుకొనేటప్పుడు ఒక్కొక్క గొంతూ అర్ధస్వరం చొప్పున పైకి పాకుతూ ముందున్న గొంతుతో కలుస్తుంది. అంతలోనే ఆ శిష్యులే బతుకు తీపిని గురించి హుషారుగా పాడతారు. టాసిటస్ వర్ణనలోని గాంభీర్యాన్ని ఇంత నిర్మొహమాటంగా ఆటపట్టించిన ఘట్టం మరొకటి నాకు తోచదు.

నీరో పాత్రకు హెచ్చుస్థాయి గొంతు వింతగా తోచవచ్చు గాని, ఆ కాలంలో నాయక పాత్రలను క్యాస్ట్రాటో గాయకులు (గొంతు మారకుండా బాల్యంలోనే వృషణాలు తొలగించిన మగ గాయకులు) పాడటం మామూలే. 1724లో స్వరకర్త హాండెల్ రాసిన సీజర్ పాత్రను సెనెసినో అనే క్యాస్ట్రాటో పాడాడు. ఇక మొజార్ట్ 1791లో ప్రాగ్‌లో టైటస్ చక్రవర్తిని క్షమామూర్తిగా నిలిపింది రెండవ లియోపోల్డ్ పట్టాభిషేక వేడుక కోసం కాబట్టి, యెరూషలేమును నేలమట్టం చేసిన సేనానిగా టైటస్ అందులో కనిపించడు.