గోడ మీద సూర్యుడు

ప్రశ్న: జాతీయ సైన్స్ దినోత్సవమైన ఫిబ్రవరి 28న మా ఊరి గ్రంథాలయంలో సైన్స్ పండగ పెడుతున్నాం. తక్కువ ఖర్చుతో, జనం ఆగి చూసేది ఏదైనా చెప్పండి. బయటి సాయం దొరుకుతుందా?

జవాబు: సూర్యబింబం చూపించండి. పాత ప్లాస్టిక్ బంతికి కోత పెట్టి ఇసుక నింపండి. పైన చిన్న అద్దం అంటించి, నల్ల కాగితంతో కప్పి, మధ్యలో 5 మిల్లీమీటర్ల రంధ్రం వదలండి. టేపు చుట్ట మీద కూర్చోబెడితే బంతి ఎటు తిప్పితే అటు నిలుస్తుంది. ఇసుక తగ్గిస్తే గాలికే కదులుతుంది. ఎండలో పెట్టి, వెలుగును చీకటి గదిలో 10 మీటర్ల దూరాన ఉన్న తెల్ల గోడ మీదికి మళ్లిస్తే 9-10 సెంటీమీటర్ల బింబం పడుతుంది.

రంధ్రం పెద్దదైతే అంచులు అలుక్కుపోతాయి. గదిలోకి వేరే వెలుగు వచ్చినా బింబం వెలవెలబోతుంది, కిటికీలకు దుప్పట్లు కట్టాల్సిందే. అసలు తమాషా వేరే ఉంది. రంధ్రాన్ని త్రికోణంగా కోయండి. అర అడుగు దూరంలో అట్ట పెడితే త్రికోణమే కనిపిస్తుంది, గోడ మీద మాత్రం గుండ్రటి సూర్యుడే! పెద్దవాళ్లు కూడా ఇక్కడ వాదనకు దిగుతారు, దిగనివ్వండి.

బింబం రెండు నిమిషాల్లో తన వెడల్పంత జరిగిపోతుంది కాబట్టి బంతి దగ్గర ఒకరుండాలి. పిల్లలు అద్దంలోకి చూడకుండా చుట్టూ తాడు కట్టండి.

సాయానికి, జనంలో సైన్స్ ప్రచారం చేసే జన విజ్ఞాన వేదికను మీ జిల్లాలో అడగండి. అఖిల భారత ప్రజా సైన్స్ నెట్‌వర్క్‌లో అదీ సభ్య సంస్థే. జనవరిలోనే అడగడం మేలు, ఫిబ్రవరి చివర్లో అందరికీ అదే హడావిడి.