వెనుదిరిగిన వాడి గురించి కూడా రాయి

నెల్లూరు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కందుకూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. వాక్యం మీద నీకు పట్టు ఉంది, కోపం ఉంది, ఆ కోపం నిజాయితీగానూ ఉంది. అయితే నాయకుల్ని తూచడానికి వ్యాసం మొత్తంలో నువ్వు వాడిన గీటురాయి ఒక్కటే: అతను వెనకడుగు వేశాడా, లేదా. వెయ్యనివాణ్ణి వీరుడన్నావు, వేసిన ముగ్గురినీ పిరికివాళ్లన్నావు, ఎదుటిపక్షంతో కూర్చుని మాట్లాడినవాడు అమ్ముడుపోయాడని తేల్చేశావు. రాజకీయాల గురించి రాయదలచినవాళ్లు అన్నిటికన్నా ముందు అనుమానించవలసింది ఈ గీటురాయినే అని నా అభిప్రాయం. ఆ ఒక్క సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం ఇంత పొడుగవుతోంది, ఓపిక చేసుకుని చదువు.

ఇది నువ్వు కొత్తగా తెచ్చినది కాదులే, మన నేల మీద ఏడువందల ఏళ్లుగా చెలామణిలో ఉంది. కాటమరాజు కథ నువ్వు వినే ఉంటావు. కరువుకు తాళలేక ఆలమందలను తోలుకుని వచ్చిన కాటమరాజుకూ, నెల్లూరును ఏలిన మనుమసిద్ధికీ పుల్లరి, అంటే పశువుల మేతకు కట్టే పన్ను, దగ్గర పేచీ వచ్చింది. పెద్దమనుషులు కూర్చుని తేల్చవలసిన లెక్క పాలేటి ఒడ్డున యుద్ధం దాకా పోయింది. మనుమసిద్ధి పక్షాన పోరాడిన ఖడ్గతిక్కన తన బలగం నశించాక, మళ్లీ సేనను కూర్చుకుని వెళ్దామని ఇంటికి తిరిగి వచ్చాడని కథ. వచ్చినవాడికి భార్య మంచం అడ్డంపెట్టి, ఆడవాళ్లకు పెట్టినట్టు పసుపుముద్ద పెట్టి, స్నానానికి నీళ్లు తోడింది. తల్లి విరిగిన పాలు వడ్డించి ఎత్తిపొడిచింది. ఆ మాట పడలేక ఆయన మళ్లీ రణానికి వెళ్లి ప్రాణం విడిచాడు. ఈ ఘట్టం మీద పుట్టిన చాటుపద్యాలను మా తరం బడిలో కంఠస్థం చేసింది, రొమ్ము విరుచుకుని అప్పజెప్పింది. ఆయన అలా వెళ్లి చచ్చిపోయినందువల్ల నెల్లూరుకు ఒరిగిందేమిటని మాలో ఒక్కరమూ అడగలేదు.

అదే వంశంలో, ఆయనకు అన్నదమ్ముల వరసే అయిన తిక్కన సోమయాజి చేసిన పని చూడు. జ్ఞాతుల చేతిలో రాజ్యం పోగొట్టుకుని మనుమసిద్ధి దిక్కుతోచని స్థితిలో ఉన్నప్పుడు, ఆయన ఓరుగల్లుకు వెళ్లి, గణపతిదేవుణ్ణి ఒప్పించి, కాకతీయుల సాయం తెచ్చి, ప్రభువును మళ్లీ గద్దె ఎక్కించాడు. ఒకరి సాయం అడగడానికి వెళ్లడమంటే తల వంచడమే, బదులుగా ఏదో ఒకటి ఒప్పుకోవడమే. రాయబారంలో ఉండే ఆ నలుగుడు స్వయంగా అనుభవించినవాడు కనుకనే భారతంలో రాయబారాలు నడిచే ఉద్యోగపర్వాన్ని అలా రాయగలిగాడని నేను అనుకుంటాను, రుజువు మాత్రం అడగకు. కవిగా ఆయన్ను నెత్తిన పెట్టుకున్నాం గాని, ఆ ఓరుగల్లు ప్రయాణం మీద మాత్రం ఊరూరా చెప్పుకునే పద్యం ఒక్కటీ పుట్టలేదు. పద్యం కత్తికే దక్కింది. ఇందులో తప్పు రాజులది కాదు, రాసినవాళ్లది. వెనుదిరిగి వచ్చినవాడి ముందు పసుపుముద్ద పెట్టే పని ఇవాళ మన పత్రికలూ, ఫోన్లలో తిరిగే వీడియోలూ చేస్తున్నాయి. నీ వ్యాసం కూడా కొంత చేసింది.

వివేకం అన్నప్పుడు నేను జంకును గాని, గోడమీద పిల్లివాటాన్ని గాని సమర్థించడం లేదు. చేరవలసిన చోటు మార్చుకోకుండా, దారినీ అదనునూ చెల్లించవలసిన మూల్యాన్నీ ముందుగా లెక్కవేసుకోవడాన్నే వివేకం అంటున్నాను. అవకాశవాదీ ఇదే మాట చెబుతాడుగా అని నువ్వు అంటావు, అనాలి కూడా. ఇద్దరినీ విడదీయడానికి నేను చూసే ఆనవాలు ఒకటుంది. వివేకి తాను దేన్ని వదులుకుంటున్నాడో, ఎందుకు వదులుకుంటున్నాడో నలుగురి ముందు చెప్పి, నిందను తన నెత్తిన వేసుకుంటాడు. అవకాశవాది వదులుకున్నది దాచిపెట్టి, దక్కినదాన్ని మాత్రం ఊరేగిస్తాడు.

మన ప్రకాశం, పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలు రెండూ మోస్తున్న పేర్లనే తీసుకుందాం. ప్రకాశం పంతులుగారు 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకుల ముందు గుండె చూపిన మనిషి. ఆయన ధైర్యాన్ని శంకించేవాడు మన వైపు పుట్టలేదు. 1949లో నెహ్రూ, పటేల్, పట్టాభి కూర్చున్న జె.వి.పి. కమిటీ, మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేయవచ్చునని చెప్పింది. ఆ ఏడాదే మద్రాసు రాష్ట్ర విభజన ఎలా జరగాలో తేల్చడానికి వేసిన సంఘంలో పంతులుగారు మద్రాసు విషయంలో ఒప్పుకోక అసమ్మతి పత్రం రాశారు. ఏకాభిప్రాయం లేదన్న సాకు ఢిల్లీకి దొరికింది, రాష్ట్రం వాయిదా పడింది. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో నిరాహారదీక్షకు కూర్చున్నారు, 58 రోజుల తర్వాత డిసెంబరు 15న కన్నుమూశారు. ఆ తర్వాత నాలుగు రోజులకు నెహ్రూ ప్రకటించినదీ, 1953 అక్టోబరు 1న మనకు వచ్చినదీ మద్రాసు లేని రాష్ట్రమే.

అయితే పంతులుగారు అవివేకి అని రాసెయ్యమంటావా అని అడగకు. మద్రాసులో ఎందరో తెలుగువాళ్లు ఉన్నారు, వాళ్లను వదిలి రావడం ఆయన మనసు ఒప్పుకోని పని. అప్పుడు ఒప్పుకుని ఉంటే ఢిల్లీ మాట నిలబెట్టుకునేదని పూచీ ఇచ్చినవాడూ లేడు. కానీ మూడేళ్ల ఆలస్యానికి మూల్యం ఎవరు చెల్లించారో మనకు తెలుసు. ఆ ప్రశ్న అడిగినందువల్ల ఆయన మీద నా గౌరవం తగ్గలేదు. రాష్ట్రం ఖాయమయ్యాక రాజధాని విజయవాడ కావాలని కోస్తాలో ఒత్తిడి బలంగా ఉండగా, 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో రాయలసీమకు ఇచ్చిన మాటను మన్నించి కర్నూలుకు తల ఊపింది కూడా ఈ పంతులుగారే. గుండె చూపిన సన్నివేశానికి బొమ్మలు వేశారు, విగ్రహాలు పోశారు. కర్నూలుకు ఒప్పుకున్న సన్నివేశానికి బొమ్మ లేదు. నువ్వు రాయవలసింది ఆ బొమ్మ లేని చోటునే.

వివేకం నాయకుల సొత్తు మాత్రమే అనుకునేవు, మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లను గుర్తుచేసుకో. అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడులకు వచ్చి నాలుగక్షరాలు నేర్చుకున్న ఆ తల్లులు 1991 ప్రాంతంలో చేసిన పని, తమ ఊళ్లో సారా కొట్టు మూయించడం. దేశంలో మద్యమే లేకుండా చేస్తామని వాళ్లు బయలుదేరలేదు. కళ్లెదుట ఉన్న కొట్టును పట్టుకున్నారు. ఆ సంగతి రాత్రిబడి వాచకంలో పాఠమై ఊరూరికీ పాకాక, జిల్లాలోని ఆడవాళ్లు సారాకు ప్రాణాధారమైన వేలంపాటల్ని పట్టుకున్నారు. పాట జరగకపోతే కాంట్రాక్టరు లేడు, కాంట్రాక్టరు లేకపోతే కొట్టు లేదు. ఆ ముడి ఎక్కడుందో వాళ్లు కనిపెట్టారు, నెల్లూరులో పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. చప్పట్లు దానికే ఎక్కువ పడ్డాయి. ఖజానాకు పడే గండికి మారు ఏమిటో, పొరుగు రాష్ట్రాల నుంచి దొంగచాటుగా వచ్చే సరుకును ఆపేదెలాగో ముందుగా ఆలోచించుకోని ఆ నిషేధం 1997లో సడలిపోయింది. సారా మీద నిషేధం మాత్రం చట్టంలో నిలిచింది. ఈ రెండింట్లో ఏది పెద్ద అడుగో నీ పాఠకులను తేల్చుకోనివ్వు.

ఇక ఇప్పటి సంగతికి వస్తాను. నువ్వు అసెంబ్లీ గొడవల మీద రాసినంతగా పెన్నా మీది సోమశిల జలాశయం గురించి రాయలేదు. నాయకత్వంలో వివేకం ఎలా ఉంటుందో నెల్లూరులో కళ్లారా చూడాలంటే కలెక్టరేట్‌లో జరిగే సాగునీటి సలహా మండలి సమావేశం, మనవాళ్లందరూ ఐఏబీ అని పిలిచేది, దానికి మించిన బడి లేదు. జలాశయంలో ఇన్ని టీఎంసీలు ఉన్నాయని ఇంజనీరు చదువుతాడు. ఆవిరికి ఇంత, తాగునీటికి ఇంత, కండలేరు మీదుగా చెన్నైకి ఇంత అని తీసివేతలు మొదలవుతాయి. మిగిలినదాన్ని ఎన్ని ఎకరాలకు పంచాలన్న దగ్గర గొంతులు లేస్తాయి. ఎడగారుకు, అంటే రెండో పంటకు, మొత్తం ఆయకట్టుకూ నీళ్లు ఇచ్చి తీరాలని బల్ల గుద్దిన ఎమ్మెల్యే మర్నాడు పత్రికలో మొదటి పేజీకి ఎక్కుతాడు. అన్ని ఎకరాలకూ ఇస్తే పొట్టదశలో చివరి భూములు ఎండుతాయి, ఇప్పుడే తగ్గించుకుందాం, నా నియోజకవర్గంలోనూ తగ్గించండి అన్నవాడు ఒక్కడున్నాడనుకో, అతని మాట లోపలి పేజీల్లో కూడా రాదు. వరినాట్లు వేసుకున్నాక నీళ్లు రాకపోతే రైతుకు పోయేది విత్తనమూ ఎరువూ కూలీ అప్పూ అన్నీను. ముందే లేదన్నట్టయితే అతను మినుమో పెసరో చల్లుకునేవాడు. చేదు మాటను సకాలంలో చెప్పడం కూడా ఒక మేలే, ఆ మేలు చేసినవాడికి ఓట్లు రాలవు.

ఆ సోమశిలలోనే ఇంకో చిక్కుముడి ఉంది. మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి, తుపానులూ అప్పుడే. 78 టీఎంసీలు పట్టే జలాశయాన్ని నవంబరులో అంచుదాకా నింపుకుని కూర్చుంటే, పైనుంచి వరద వచ్చినప్పుడు దాన్ని పట్టుకునే జాగా ఉండదు, వచ్చినదంతా ఒక్కసారిగా కిందికి వదలాలి. ముందే కొంత ఖాళీ చేసి పెడితే, ఆ తుపాను కాస్తా ఒంగోలు వైపో మచిలీపట్నం వైపో తిరిగిపోయినప్పుడు, బంగారంలాంటి నీళ్లు సముద్రం పాలు చేశారని అందరూ తిడతారు. 2021 నవంబరు 19న పైన కడప జిల్లాలో చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, ఆ ఒడ్డున ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి, మనుషులు పోయారు. ఇటు పెన్నా పొంగి కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది మట్టి కోసుకుపోయింది. వరద వచ్చాక పడవలో నిలబడి పాల ప్యాకెట్లు పంచే నాయకుణ్ణి ఫొటో తీయడం సులభం. వారం ముందు గేటు ఎత్తమని సంతకం పెట్టినవాణ్ణి ఫొటో తీయడానికి ఏమీ ఉండదు, ఎందుకంటే అతని పని ఫలిస్తే ఏమీ జరగదు. జరగనిదాన్ని కథగా చెప్పగలిగితేనే నువ్వు రాజకీయ రచయితవని నేను ఒప్పుకుంటాను.

ఆ వరద రోజుల్లోనే సోమశిల కట్ట తెగిందన్న పుకారు లాంటిది నీ ఫోనుకు వస్తే ఏం చేస్తావన్నది కూడా ఈ విషయంలో భాగమే. రాసేవాళ్లం కనుక జనం మన మాట నమ్ముతారు, అర్ధరాత్రి పిల్లాజెల్లాతో రోడ్డు మీదకు వస్తారు. పౌరుడిగా నీ వివేకం, నాయకుడి దగ్గర నువ్వు ఆశించే వివేకం కన్నా చిన్నదేమీ కాదు. ఈ ముక్క మీద సాగదీయను, నీకు తెలియనిది కాదు.

ఇప్పుడు నీ వ్యాసం సంగతి. అందులో నువ్వు పిరికివాడన్న ఆ ముగ్గురినీ ఒక్కొక్కరినే మళ్లీ తీసుకో. నిర్ణయం తీసుకున్న నాటికి అతనికి ఏమేమి తెలుసో, ఏమేమి తెలియదో విడివిడిగా రాసుకో. తర్వాత జరిగినది తెలిసిన మనం తీరుబడిగా కూర్చుని అతని మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు. అతని ముందున్న రెండో దారి ఏమిటో, ఆ దారిన పోయి ఉంటే ఎవరికి దెబ్బ తగిలేదో కనుక్కో. వదులుకున్నదాన్ని బయటికి చెప్పాడా, దాచాడా అన్నది పాత పత్రికల్లో దొరుకుతుంది, కాస్త దుమ్ము దులపాలి. ఇదంతా చేశాక కూడా ఒకడు పిరికివాడే అని తేలితే ఆ మాట నిర్భయంగా ఉంచు, నేను అడ్డుచెప్పను. నిజానికి ఆ మూడోవాడి విషయంలో నీ మాటే నిలుస్తుందని నాకు అనిపిస్తోంది. మిగతా ఇద్దరి సంగతి చెప్పలేను.

ఈసారి ఐఏబీ సమావేశానికి నువ్వు రా. లోపలికి రానివ్వకపోతే బయట వరండాలో చివరి ఆయకట్టు రైతులు నిలబడి ఉంటారు, వాళ్లతో మాట్లాడు, ఎవరు ఎన్ని ఎకరాలకు ఒప్పుకున్నారో పేరు పేరునా రాసుకో. తిరగరాసినదాన్ని టైపు చేసి పంపు, నీ చేతిరాత నా కళ్లకు ఆనడం లేదు. అమ్మకూ నాన్నగారికీ నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి