నమ్మకం లేకపోయినా రిఫార్మ్ యూదు సమాజంలో చోటు ఉంటుందా? నా అనుభవం

మీరు అడిగింది ఇది: పెళ్లి చేసుకోబోయే అమ్మాయిది రిఫార్మ్ యూదు కుటుంబం, అంటే పాత నియమాలను కాలానికి తగ్గట్టు మార్చుకున్న యూదు శాఖ. మీకు దేవుడి మీద పెద్దగా నమ్మకం లేదు. వాళ్ళ టెంపుల్‌కి (ప్రార్థన మందిరానికి) వెళ్తే మీకేమైనా అర్థం కనిపిస్తుందా, మిమ్మల్ని తమవాడిగా చూస్తారా, లేక ఎప్పటికీ చుట్టపుచూపుగా వచ్చినవాడిలాగే మిగిలిపోతారా?

మాది తెనాలి. న్యూజెర్సీలో ఉంటున్నాం. మా ఆయన రిఫార్మ్ యూదు. నేను మతం మారలేదు. పెళ్లయిన కొత్తలో ఆయన కోసం పండగలకి వెళ్ళి వెనక వరుసలో కూర్చుని వచ్చేసేదాన్ని. మొదట వెళ్ళిన టెంపుల్‌లో ఏడాది తిరిగినా ఎవరూ నా పేరు అడగలేదు. తర్వాత ఇల్లు మారి, దగ్గర్లో ఉన్న చిన్న టెంపుల్‌లో చేరాం. అక్కడ కూడా రెండు మూడేళ్ళు నేను మొహమాటంగానే ఉన్నాను.

2021 మే, కరోనా సెకండ్ వేవ్. నాన్న గుంటూరులో ఆసుపత్రిలో పోయారు. నాకప్పుడు ఏడో నెల, ప్రయాణం చేసే వీల్లేదు. తమ్ముడు శ్మశానం నుంచి వీడియో కాల్ చేశాడు. మధ్యలో రెండుసార్లు కట్ అయింది. కూతురిగా నేను చేయగలిగింది ఆ ఫోన్ పట్టుకుని కూర్చోవడం ఒక్కటే.

మర్నాడు మా రబ్బై, అంటే టెంపుల్ మతగురువు, ఫోన్ చేశారు. ఆవిడ అడిగిన మొదటి మాట, "మా దగ్గర షివా అని ఏడు రోజులు పాటిస్తాం. మీ దగ్గర ఎన్ని రోజులు?" పదకొండు అని చెప్పాను. ఆ పదకొండు రోజులూ మా గుమ్మం ముందు ఎవరో ఒకరు భోజనం పెట్టి వెళ్ళారు. అన్నీ గుడ్డు కూడా లేని శాకాహారమే. అందులో సగంమంది మొహాలు నాకు తెలియవు.

రెండో మాట, "మీ నాన్నగారి పేరు శుక్రవారం ప్రార్థనలో పోయినవాళ్ళ పేర్లతో పాటు చదువుతాను, ఎలా పలకాలో చెప్పండి." నాన్న పేరు పూర్ణచంద్రరావు. ఆవిడ ఒక్కో ముక్కా పట్టుకుని, తప్పు పోతే మళ్ళీ మొదటినుంచి అంటూ నాలుగైదుసార్లు చెప్పించుకున్నారు. అర్థం కూడా అడిగారు. శుక్రవారం సాయంత్రం జూమ్‌లో పేర్లు చదువుతున్నప్పుడు నాన్న పేరు తెనాలిలో పిలిచినట్టే వినిపించింది. నాన్న పోయాక నేను గట్టిగా ఏడ్చింది అప్పుడే.

ఆ పేర్ల తర్వాత చదివేది కద్దిష్. అది అరామిక్ భాషలో ఉంటుంది. పోయినవాళ్ళ కోసం చదువుతారు గానీ అందులో చావు అన్న మాటే ఉండదు. మొత్తం దేవుడి పేరును కీర్తించడమే. పాత నియమం ప్రకారం పదిమంది కూడితేనే చదవాలి. అంటే దుఃఖంలో ఉన్నవాళ్ళు ఒంటరిగా చదువుకునే ప్రార్థన కాదు, పక్కన మనుషులు ఉండి తీరాలి. సంప్రదాయవాదులు ఆ పదిలో మగవాళ్ళనే లెక్కేస్తారు, రిఫార్మ్‌లో ఆడవాళ్ళూ లెక్కే. చాలా రిఫార్మ్ టెంపుళ్ళలో ఎవరూ పోనివాళ్ళు కూడా లేచి నిలబడతారు. హిట్లర్ కాలంలో కుటుంబాలకు కుటుంబాలే పోయాయి కదా, వాళ్ళకోసం చదవడానికి ఎవరూ మిగల్లేదు. అందుకని అందరూ నిలబడతారు. నేను ఒక్కో శుక్రవారం నాన్న కోసం, ఒక్కో శుక్రవారం ఎవరో తెలియనివాళ్ళ కోసం నిలబడ్డాను. దేవుణ్ణి నమ్ముతున్నానా లేదా అన్న ఆలోచన ఆ సమయంలో రాలేదు.

ఇక మీ నమ్మకం సంగతి. రిఫార్మ్ వాళ్ళ ప్రార్థన పుస్తకంలో ఒక పేజీలో హీబ్రూ ప్రార్థన, ఇంగ్లీషు అర్థం ఉంటాయి. ఎదురు పేజీలో అదే ప్రార్థన స్థానంలో చదువుకోదగ్గ కవితలు, ఆలోచనలు ఉంటాయి. వాటిలో దేవుడి ప్రసక్తి లేనివీ దొరుకుతాయి. ఏ పేజీ చదువుకుంటారన్నది మీ ఇష్టం. ఇది నిన్నా మొన్నా వచ్చిన ధోరణి కాదు. 1800ల మొదట్లో జర్మనీలో మొదలైన సంస్కరణ ఇది, హాంబర్గ్ టెంపుల్ 1818లో తెరిచారు. మొర్డెకై కప్లాన్ అనే రబ్బై ఇంకా ముందుకెళ్ళి, జుడాయిజం (యూదు మతం) అంటే మారుతూ ఎదిగే ఒక నాగరికత అన్నారు, పైన కూర్చుని వరాలిచ్చే దేవుడనే భావననే పక్కనపెట్టారు. ఎదిగిన మగపిల్లలకే చేసే బార్ మిట్జ్వా అనే వేడుకను 1922లో తన కూతురికి చేసిందీ ఆయనే.

శనివారం ఉదయం తోరా (యూదుల పవిత్ర గ్రంథం) క్లాసుకి ఒకసారి వెళ్ళి చూడండి. నేను మొదట విన్నది సొదొమ కథ. ఆ ఊరిని నాశనం చేస్తానని దేవుడంటే అబ్రాహాము బేరం పెడతాడు. యాభైమంది మంచివాళ్ళుంటే వదిలేస్తావా, నలభై ఐదు, నలభై అంటూ పదిదాకా దింపుతాడు. మన దగ్గర భక్త రామదాసు రాముణ్ణి నిలదీయలేదా, నాకు ఆయనే గుర్తొచ్చారు. మరి పది దగ్గర ఎందుకు ఆపాడు అని క్లాసులో గంటసేపు వాదించుకున్నారు. దేవుడు లేడని నమ్మే రిటైర్డ్ ఇంజినీరు ఒకాయన అందరికంటే బాగా చదువుకుని వచ్చారు.

పిల్లల విషయం ముందే మాట్లాడుకోండి. పాత ధర్మం ప్రకారం తల్లి యూదు అయితేనే బిడ్డ యూదు. మీ ఇంట్లో తల్లి యూదు కాబట్టి ఆ చిక్కు లేదు. మా ఇంట్లో ఉంది. తండ్రి ఒక్కడే యూదు అయినా, బిడ్డను యూదుగా పెంచితే చాలని అమెరికా రిఫార్మ్ రబ్బైల సంఘం 1983లో తీర్మానించింది. మా పాప అలా యూదు. ఆర్థడాక్స్ (సంప్రదాయ) యూదులు మాత్రం ఒప్పుకోరు. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. సండే స్కూల్లో చేర్చేటప్పుడు, పాపకు ఇంకో మతం కూడా పద్ధతిగా నేర్పిస్తున్నారా అని అడిగారు. దీపావళి, ఉగాది ఇంట్లో చేస్తాం, పాఠాలు మాత్రం ఇక్కడే అని చెప్పాను. అమ్మకు ఇది నచ్చలేదు, ఏడాదిపాటు టెన్షన్ పడింది. మన చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదులున్నారని, వాళ్ళకి సినగాగు (యూదుల ప్రార్థన మందిరం) కూడా ఉందని చెబితే ఆశ్చర్యపోయింది. వాళ్ళది రిఫార్మ్ కాదు. అయినా తెనాలి పక్కనే యూదులున్నారంటే అమ్మ మనసు కొంచెం కుదుటపడింది. ముంబైలో డాక్టర్ జెరూషా ఝిరాద్ అనే ఆవిడ 1925లోనే రిఫార్మ్ లాంటి ఉదారవాద యూదు సమాజం పెట్టారు.

గుమ్మం దగ్గర సాయుధ గార్డు ఉంటాడు. 2018లో పిట్స్‌బర్గ్ సినగాగులో 11 మందిని కాల్చి చంపాక ఇది మామూలైపోయింది. బిడ్డను ఎత్తుకుని ఆ గార్డును దాటుకుంటూ వెళ్ళినప్పుడు, వీళ్ళ భయంలో నాకూ భాగం వచ్చిందని మొదటిసారి తెలిసింది. 2023 అక్టోబర్ తర్వాత ఇజ్రాయెల్, గాజా విషయంలో మా టెంపుల్‌లో పెద్ద గొడవలే జరిగాయి. రెండు వైపులవాళ్ళూ కొందరు మానేశారు. నేను ఉండిపోయాను, ఎందుకంటే వాదించుకున్నవాళ్ళు కూడా కద్దిష్‌కి పక్కపక్కనే నిలబడ్డారు.

మీరు ఒంటరివారేమీ కాదు. ప్యూ అనే అమెరికా పరిశోధన సంస్థ 2020 సర్వే ప్రకారం, 2010 తర్వాత పెళ్లి చేసుకున్న అమెరికా యూదుల్లో 61 శాతం మంది యూదేతరులనే చేసుకున్నారు. మీ ఇద్దరూ తొందరపడి మతమార్పిడి గురించి తేల్చుకోకండి. అడిగేవాళ్ళకి చాలాచోట్ల ఏడాదిపాటు సాగే క్లాసులుంటాయి, మారకపోయినా వాటిలో కూర్చోవచ్చు.

మా ఇంట్లో నాన్నను ఏడాదికి రెండుసార్లు తలుచుకుంటాం. తమ్ముడు వైశాఖంలో తిథి ప్రకారం ఆబ్దికం పెడతాడు. యూదుల లెక్కలో ఆ రోజును యార్‌జైట్ అంటారు, ముందురోజు పొద్దుగుంకే వేళ వెలిగిస్తే మర్నాటి సాయంత్రం దాకా వెలిగే దీపం పెడతాం. మన పంచాంగంలాగే వాళ్ళదీ చాంద్రమానం, అధిక మాసాలు వేసుకునేదే. కానీ అధిక మాసాలు వేర్వేరు ఏళ్ళలో పడటం వల్ల మాకు ఆ రెండు రోజులకీ నెల తేడా వస్తుంది.

మొదటిసారి సెప్టెంబర్, అక్టోబర్ పెద్ద పండగలకి వెళ్ళకండి. జనం ఎక్కువ, మిమ్మల్ని ఎవరూ గమనించరు. మామూలు శుక్రవారం వెళ్ళండి. గార్డు ఉంటాడు కాబట్టి ముందురోజు ఆఫీసుకి ఫోన్ చేసి మీ పేరు చెప్పండి. సభ్యత్వం ఫీజు ఎక్కువనిపిస్తే మొహమాటపడకుండా అడగండి, చాలాచోట్ల తగ్గిస్తారు. ప్రార్థన అవగానే కారెక్కేయకండి. తర్వాత టీ, కేకు పెట్టి అరగంట మాట్లాడుకుంటారు. మా రబ్బైతో నేను మొదటిసారి మాట్లాడింది ఆ అరగంటలోనే.