చెన్నైలో మెటల్ డిటెక్టర్‌తో వెతకడం కొత్తగా మొదలుపెట్టేవారు ఎక్కడికి వెళ్లవచ్చు?

నెల్లూరు నుంచి ఉద్యోగరీత్యా వచ్చి వేళచ్చేరిలో ఉంటున్నాననీ, ఈ మధ్యనే డిటెక్టర్ కొన్నాననీ, మహాబలిపురం వైపు గానీ పులికాట్ వైపు గానీ వెళితే పాత నాణేలు దొరుకుతాయా అనీ మీరు అడిగారు. ఆ రెండు చోట్లకూ డిటెక్టర్ తీసుకొని వెళ్లకండి. మొదటి ఏడాది సముద్రతీరంలోని పొడి ఇసుకకూ, బాగా తెలిసినవారి సొంత స్థలాలకూ పరిమితం కండి. నేను తిరువాన్మియూరులో ఉంటూ కొన్నేళ్లుగా ఈ వ్యాపకం సాగిస్తున్నాను కాబట్టి, ఇక్కడి చోట్ల గురించి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి. మహాబలిపురం కట్టడాలు, సద్రాస్‌లోని డచ్చి కోట, పులికాట్‌లోని డచ్చి సమాధులు, సెయింట్ జార్జి కోట, ఇవన్నీ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. రక్షిత ప్రదేశాలలో అనుమతి లేకుండా తవ్వడాన్ని 1958 నాటి చట్టం నిషేధిస్తుంది. 2010లో దానికి చేసిన సవరణ ప్రకారం కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలకే తావు లేదు. అటువంటి చోట పార పట్టుకొని కనబడిన మనిషి సరదాకు వచ్చానంటే ఎవరూ నమ్మరు. రాష్ట్ర ప్రభుత్వ రక్షణలో ఉన్న స్థలాలకు 1966 నాటి తమిళనాడు చట్టం వేరుగా ఉంది. బోర్డు లేని పాడుబడిన గుడి, ఊరి చివరి దిబ్బ వంటివి కూడా నా దృష్టిలో ఈ కోవలోనివే.

పాత వస్తువుల ఆశ వదులుకుంటే చెన్నై తీరం మంచి బడి. అయితే ఏ ఇసుక ఎప్పటిదో తెలుసుకోవాలి. 1870వ దశకంలో ఇక్కడ హార్బరు కట్టడం మొదలైంది. ఈ తీరం వెంట ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికే ఎక్కువగా కదులుతుంది; హార్బరు గోడలు దానికి అడ్డుపడడంతో దక్షిణాన ఇసుక పేరుకుపోయి మెరీనా అంత వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు ఇసుక అందక తీరం కోసుకుపోయింది. అందుకే అటు బండరాళ్లు పేర్చారు. అంటే మెరీనాలో ఈరోజు మనం నిలబడే ఇసుకలో చాలా భాగం హార్బరు తరువాత చేరినదే. అక్కడ కంపెనీ కాలపు నాణేల కోసం లోతుగా తవ్వడంలో అర్థం లేదు. దొరికేదంతా షికారుకు వచ్చినవారు జారవిడుచుకున్నదే.

మెరీనాలో జనసందోహం, నాయకుల సమాధుల దగ్గర పోలీసు కాపలా ఎక్కువ. కొత్తవారికి బీసెంట్ నగర్, తిరువాన్మియూరు, పాలవాక్కం, నీలాంకరై తీరాలు నయం. తెల్లవారిన తరువాతే వెళ్లండి, చీకటిలో వద్దు. తీరమంతా తిరగకుండా, జనం చెప్పులు విడిచి కూర్చునే పట్టీ, రోడ్డు మీద నుంచి ఇసుకలోకి దిగే దారులు, పిల్లలు ఆడుకునే చోట్లు ఎంచుకొని యంత్రం కింది గుండ్రని చట్రాన్ని (కాయిల్) నెమ్మదిగా ఆడించండి. నాకు ఎక్కువగా దొరికేవి సోడా మూతలు, అల్యూమినియం రేకులు, చిల్లర. అప్పుడప్పుడు పట్టీల గజ్జెలు, దిద్దుల సీలలు, మెట్టెలు. సెలవు రోజు మరునాడు, ముఖ్యంగా సంక్రాంతి రోజుల్లో జనం బీచికి తరలివచ్చే కాణుం పొంగల్ తరువాత, చిల్లర ఎక్కువగా తగులుతుంది. వినాయక నిమజ్జనం జరిగే చోట్లకు మాత్రం ఆ రోజుల్లో వెళ్లకండి. విగ్రహాల్లోని ఇనుప తీగలు చెవులు చిల్లులు పడేలా మోగుతాయి.

విదేశీ వీడియోలు చూసి నేర్చుకునేవారికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇనుము శబ్దాలు వినబడకుండా డిస్క్రిమినేషన్ పెట్టుకోమని అందులో చెబుతారు. మన రూపాయి బిళ్లను 1990ల నుంచి అయస్కాంతానికి అంటుకునే స్టెయిన్‌లెస్ స్టీలుతో చేస్తున్నారు; తరువాత రెండు రూపాయల నాణెం కూడా ఆ దారి పట్టింది. ఇనుమును పూర్తిగా మూసేస్తే మేకులతో పాటు ఈ నాణేలూ వినబడకుండా పోవచ్చు. పాత రాగి-నికెల్ నాణేలు, పది రూపాయల రెండు లోహాల బిళ్ల మాత్రం స్పష్టంగా పలుకుతాయి. ఇంట్లో ఉన్న ఒక్కొక్క రకం నాణెం, ఒక ఉంగరం, ఒక మేకు, ఒక సోడా మూత ఇసుక పోసిన తొట్టిలో పాతిపెట్టి మీ యంత్రం దేనికి ఎలా పలుకుతుందో వినండి. సన్నని బంగారం, అల్యూమినియం రేకు దాదాపు ఒకే తీరున మోగుతాయి కనుక రేకు అనుకున్న ప్రతిదాన్నీ తీసి చూడక తప్పదు.

తడి ఇసుక జోలికి ఇప్పుడే పోవద్దు. ఉప్పునీటిలో విద్యుత్తు ప్రవహిస్తుంది కాబట్టి ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసే చవక యంత్రాలు అలల అంచున ఊరికే కూస్తుంటాయి. అక్కడికి పలు ఫ్రీక్వెన్సీల యంత్రం గానీ, విద్యుత్తును విడివిడి తునకలుగా పంపి పనిచేసే పల్స్ ఇండక్షన్ రకం గానీ కావాలి. నల్లని ఇసుక చారలున్న చోట కూడా, అందులోని ఇనుప ఖనిజాల వల్ల, ఇదే గోల. ఇక నీళ్లలోకి దిగనే వద్దు, ఇక్కడి ప్రవాహాలు ప్రాణాలు తీస్తాయి.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చి, అలలు అందని ఎత్తున గోతులు తీసి గుడ్లు పెడతాయి. అవి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నవి. ఆ నెలల్లో ఎత్తైన ఇసుకలో తాబేలు పాకిన జాడ గానీ, కంచె కట్టిన గుడ్ల స్థలం గానీ కనబడితే ఆ చుట్టుపక్కల తవ్వకండి. తవ్విన ప్రతి గోతినీ పూడ్చండి. ఊరూర్ ఆల్కాట్ కుప్పం వంటి పల్లెల ముందు పడవలు, వలలు ఉన్న మేర మత్స్యకారులదే అనుకొని, వారిని అడిగి, కాదంటే వెనుదిరగండి. పోలీసులు ఆపితే సంచి విప్పి చూపించండి. నన్ను ఆపిన ప్రతిసారీ ఆ సోడా మూతలే నాకు సాక్ష్యం చెప్పాయి.

రెండో రకం చోటు, తెలిసినవారి పొలాలు. తిరుత్తణి, ఊత్తుకోట, గుమ్మిడిపూండి వైపు మన తెలుగువారి ఊళ్లు చాలా ఉన్నాయి. మీకు అక్కడ మేనమామో పెదనాన్నో ఉంటే, పంట కోసి దున్నిన పొలంలో పగటిపూట, ఆయన పక్కన ఉండగానే వెతకండి. ఊళ్లలో ఈ యంత్రం కనబడగానే లంకెబిందెల మాట పుడుతుంది. గుప్తనిధుల తవ్వకాల కేసులు ఎన్ని చూడలేదు? కాబట్టి ముందే నలుగురికీ చెప్పి వెళ్లడం మేలు.

అక్కడ పాతది ఏదైనా బయటపడితే ఉన్నచోటనే ఆపేయండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉండి, పది రూపాయలు మించిన విలువ చేసేది దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి; తెలపకపోతే ఏడాది వరకు జైలుశిక్ష ఉంది. విచారణ తరువాత దానికి యజమాని లేడని తేలి, మీకూ భూమి యజమానికీ మధ్య వేరే ఒప్పందం లేకపోతే మూడు వంతులు మీకు, ఒక వంతు ఆయనకు వస్తాయి. చట్టం చెప్పిన ధర చెల్లించి తీసుకునే హక్కు ప్రభుత్వానికి ఉంటుంది. బీచిలో దొరికిన ఉంగరం లెక్క వేరు. దాన్ని దగ్గరి పోలీసు స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి.